మంచి వైపు, తిరగ వైపు

సోమవారం

ఇంటర్వ్యూ సంగతి పూర్తిగా మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. "బస్సెళ్లిపోయాక చెయ్యెత్తడం నీకు అలవాటైపోయింది" అన్నాడు నాన్న. కండక్టరు కదా, లోకంలోని తప్పులన్నీ ఆయన లెక్కలో బస్సు తప్పిపోవడాలే. నిన్న ఇస్త్రీ చేసి, మేకుకి తగిలించి, కాలరు నలక్కుండా కింద అట్టముక్క కూడా పెట్టుకున్న చొక్కాని తీసి బీరువాలో పెట్టేశాను.

అయినా మర్చిపోయాను.

ఈ డైరీ పాత ఆఫీసు వాళ్లిచ్చింది. ఆఫీసు మూతపడింది గానీ అట్ట మీద దాని పేరు బంగారు రంగులో మెరుస్తూనే ఉంది. రాయడానికి ఏమీ తోచనప్పుడల్లా గోటితో గీకుతున్నాను. ఒకటిన్నర అక్షరం పోయింది. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, అక్కడ చేసింది పొద్దస్తమానం ఫోన్లో సారీ చెప్పడం. దానికి డిగ్రీ ఎందుకో ఇప్పటికీ తెలీదు. మా బాబాయికి ఆ విద్య పిన్నిని చేసుకున్న రోజునే అబ్బింది.

ఇంట్లో అసలు వార్త ఇది కాదు. అమ్మకి మెట్ల కింద గది దొరికింది. అంటే, దొరికినట్టే.

అమ్మ కుట్టు ఫ్యాక్టరీలో ఇన్నేళ్లూ కాలర్లే కుట్టింది. ఎడమ పక్కనుంచి ముక్కలొస్తాయి, కుట్టి కుడి పక్కకి తోస్తుంది. ఆ చొక్కాలకి చేతులున్నాయో లేవో కూడా ఎప్పుడూ చూడలేదట. నా ఆఫీసు మూతపడిన కొన్నాళ్లకే అదీ మూతపడింది, తల్లీకూతుళ్లిద్దరినీ ఒకే కత్తెరతో కత్తిరించినట్టు. పోతూ పోతూ ఆడవాళ్లందరికీ తలా ఒక పాత మిషను ఇచ్చి పంపారు. అమ్మ వంతుకి కాలితో తొక్కేది వచ్చింది. అప్పట్నుంచీ అమ్మది ఒకటే పాట: "ఒక్క చొక్కా మొదట్నుంచి చివరిదాకా నేనే కుట్టాలే. నా షాపులో కూచుని."

మెట్ల కింద గదికి కిటికీ లేదు. పైకప్పు మెట్లతోపాటే దిగుతుంది కాబట్టి గుమ్మం దగ్గర నిలబడొచ్చు, మధ్యలో వంగాలి, చివరికెళ్తే సాష్టాంగపడాలి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల ఎవరున్నారో తెలియదు. ఇప్పటిదాకా అందులో చీపుర్లూ, కాలు విరిగిన కుర్చీ కాపురం చేశాయి.

ఓనరు మీటరమ్మ. ఆమెకీ ఒక పేరుంది. కానీ నెలనెలా మీటరు ముందు నిలబడి అంకెలు బిల్డింగంతా వినపడేలా చదివే మనిషిని ఇంకేమని పిలుస్తాం? ఈ పొద్దున అమ్మా నేనూ కిందికెళ్తే ఆమె చెప్పింది ఇదీ:

"గది తీసుకోమ్మా, కాదనను. కానీ నా మీటరు మీద దోమ కూడా వాలడానికి వీల్లేదు. వైరు లాగావంటే ఊరుకోను."

"మా ఇంట్లోంచి లాక్కుంటామండీ" అన్నాను నేను.

"రెండంతస్తుల నుంచి మెట్ల మీదుగా వైరా? ఎవరైనా తట్టుకుని పడితే నువ్వు మోస్తావా?"

తర్వాత లోపలికెళ్లి ఒక నల్ల కోటు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. లోపల లైనింగ్ చంక నుంచి నడుము దాకా చిరిగింది.

"ఇది ఆ గదిలోనే కూచుని కుట్టి చూపించు. పైకి పట్టుకెళ్లి కుట్టుకొస్తే ఒప్పుకోను. చీకట్లో ఎవడి చొక్కా చేతులో తిరగేసి కుట్టావనుకో, గొడవ నా గుమ్మంలో అవుతుంది. ఆదివారం దాకా చూస్తా. నీళ్ల డబ్బాల వాడు కూడా ఆ గది అడుగుతున్నాడు మరి."

నల్ల బట్ట మీద నల్ల దారం. పగలు కిటికీ పక్కన కూచున్నా కళ్లు చికిలించాల్సిన పని. మీటరమ్మ తెలివి సామాన్యమైంది కాదు.

అమ్మ మాత్రం మెట్లెక్కుతూ కోటుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. "మొదటి బేరం" అంది.

మంగళవారం

టార్చితో ప్రయత్నించాం. నాన్న పట్టుకున్నాడు, అమ్మ సూదిలో దారం ఎక్కించింది. ఎక్కించిందని తను అనుకుంది. వెలుగు ఒక్క పక్కనుంచే వస్తే చేతి నీడ సరిగ్గా వెళ్లి సూది మీదే కూచుంటుంది. నాన్న అటు జరిగాడు, ఇటు జరిగాడు, "లోపల చోటుంది, ముందుకి జరగాలి" అని తనకి తనే చెప్పుకుంటూ మెట్ల కిందికి పోయి కప్పుకి తల తగిలించుకున్నాడు.

"మీరు బస్సులోనే బావుంటారు" అంది అమ్మ.

వెలుగు పైనుంచి రావాలి. గదంతా పరుచుకుని రావాలి. కరెంటు లేకుండా రావాలి. అన్నం తింటుంటే తట్టింది. సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాను.

తెర పగిలిన టీవీలు! తెర పోయినా దాని వెనక దీపాల పట్టీలు నిక్షేపంగా ఉంటాయి. టీవీలు బాగుచేసే షాపు వీధి చివర్లోనే. ఆయన్ని మా ఇంట్లో రేపాయన అంటాం. ఏది అడిగినా రేపే.

"రేపు రా అమ్మాయ్" అన్నాడు తలెత్తకుండా.

"ఈ రోజు నిన్నటికి రేపే కదండీ."

అప్పుడు తలెత్తాడు. కాసేపు ఆలోచించాడు. "నిన్న అడిగావా?"

"అడిగుంటే ఇవాళ ఇచ్చేవారుగా?"

మూలనున్న గోనెసంచి వైపు గడ్డంతో చూపించాడు. పట్టీలు దొరికాయి, నాలుగు, పొడవైనవి. ఒక్కోదాని మీద ఆరేసి దీపపు చుక్కలు, ఒక్కో చుక్క మీద తెల్లటి గుండ్రటి మూత.

అమ్మ చూసి, "ఈ గుండీలు ఎవరు కుట్టారో గానీ ఎడం భలే సమానంగా కుట్టారే" అంది.

బుధవారం

బ్యాటరీ కావాలి. ఇంట్లో ఒకటే ఉంది, అది నాన్న స్కూటర్‌ది.

ఆ స్కూటరు కింది వరండాలో ముసుగేసుకుని నిలబడి ఎన్నాళ్లయిందో. ఇంజను లేవదు. లేవదని మెకానిక్ చెప్పాడు, ఆయన తర్వాత వచ్చిన మెకానికూ చెప్పాడు. అయినా సెలవు దొరికినప్పుడల్లా నాన్న దాని బ్యాటరీ ఊడదీసి ఛార్జి పెట్టి, తుడిచి, మళ్లీ బిగిస్తాడు. హారన్ ఒకసారి కొట్టి చూస్తాడు. మోగుతుంది. ఆ మోతకి ఆయన ముఖంలో వచ్చే వెలుగు చూసి మేమెవరం ఏమీ అనం.

ఇవాళ అడిగేశాను. "నాన్నా, స్కూటర్ బ్యాటరీ కావాలి. అమ్మ గదికి."

"హోల్డాన్" అన్నాడు. అంతే. టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి దిగిపోయాడు.

అడగకుండా ఉండాల్సింది.

గురువారం

పొద్దున లేచేసరికి బ్యాటరీ నా బల్ల మీదుంది. తుడిచి ఉంది. టెర్మినళ్ల మీద తెల్లగా పట్టిన ఉప్పు కూడా గీకి ఉంది. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. హారన్ మోత నిద్రలో విన్నట్టు గుర్తు. కలేమో.

పట్టీ బ్యాటరీకి తగిలించి చూశాను. వెలగలేదు. వెలగదని తెలుసు. ఒక్కో చుక్కకి మూడు వోల్టులు కావాలి, ఆరు చుక్కలూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని వరసలో ఉన్నాయి, అంటే పద్దెనిమిది. బ్యాటరీ దగ్గరున్నవి పన్నెండు. అందని కొమ్మ మీది జామకాయ కోసం గోడెక్కి చెయ్యి చాపడమే. అయినా పెట్టి చూశాను. ఆశకి ఏ సూత్రమూ వర్తించదు.

అమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. "ఏమైందే?"

"పట్టీ పొడవెక్కువైంది. బ్యాటరీకి అంత బలం లేదు."

"పొడవెక్కువైతే కత్తిరిస్తాం, తక్కువైతే అతుకేస్తాం. దీనికి కాలేజీ ఎందుకే?"

"ఎక్కడ పడితే అక్కడ కత్తిరించకూడదమ్మా. సరిగ్గా మధ్యలో. ముక్కకి మూడు చుక్కలు, తొమ్మిది వోల్టులు. మిగిలిన మూడూ ఈ రెసిస్టరు తింటుంది. అది లేకపోతే చుక్కలు ఆత్రంగా తాగేసి మాడి చస్తాయి."

"అయితే ముక్కలన్నీ మళ్లీ ఒకదానికొకటి కడతావా?"

"లేదు. ప్రతి ముక్కకీ దాని వైర్లు దానివే. అన్నీ విడివిడిగా బ్యాటరీ దగ్గరికే వస్తాయి."

అమ్మ పట్టీని చేతిలోకి తీసుకుని, "మా ఫ్యాక్టరీ లైనులాగా కాదన్నమాట. అక్కడ ఒకామె దగ్గొచ్చి లేచిందంటే వరసంతా ఆగిపోయేది. సూపర్‌వైజరు అందరినీ తిట్టేవాడు" అంది.

నేను హ్యాక్సా బ్లేడుతో కోస్తుంటే పట్టీ కదలకుండా అమ్మ రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది. మధ్యలో తుమ్మింది. అయినా పట్టు వదల్లేదు.

శుక్రవారం

పొద్దున ఆ ఇంటర్వ్యూ వాళ్లు ఫోన్ చేశారు. ఒంట్లో బాలేక రాలేకపోయి ఉంటానని అనుకుని, సోమవారం మళ్లీ రమ్మన్నారు. మంచివాళ్లు. సరే అన్నాను. ఒంట్లో బావుంది అని చెప్పలేదు, బాలేదు అనీ చెప్పలేదు.

తర్వాత పని. పట్టీల మీద ప్లస్సూ మైనస్సూ అచ్చేసిన చోటల్లా పాత జిగురు ఎండిపోయి ఉంది, ఏదీ కనపడదు. అందుకని ఒక్కో ముక్కనీ రెసిస్టరుతో బ్యాటరీకి ఆనించి, ఏ కొన ఎటు పెడితే వెలుగుతుందో చూడాలి. చూసి గుర్తు పెట్టాలి. నాకున్నవి రెండే చేతులు. అమ్మ తన సుద్దముక్క పట్టుకుని పక్కన కూచుంది.

మొదటి ముక్క వెలిగింది.

ఆ క్షణం రాయాలి. అమ్మ "అమ్మో!" అని అరిచి, సుద్ద వదిలేసి, రెండు చేతులూ ఆ వెలుగు కింద పెట్టింది, పంపు కింద పెట్టినట్టు. వేళ్ల కొసల మీద సూది పోట్ల మచ్చలన్నీ కనపడ్డాయి. అరచెయ్యి తిప్పింది, మళ్లీ తిప్పింది. "చూడవే, నీడే లేదు" అంది. అటూ ఇటూ తిప్పి ఆడుతూనే ఉంది. నేను చిన్నప్పుడు గాజులు చూసుకుని మురిసినట్టు మా అమ్మ తన ఉత్త చేతుల్ని చూసుకుని మురిసింది. బ్యాటరీ తీగ పట్టుకున్న నా వేళ్లు తిమ్మిరెక్కినా వదలబుద్ధి కాలేదు.

పాజిటివ్, నెగటివ్ అంటే అమ్మకి ఏం తెలుస్తుంది? అందుకని బట్టల భాషలో చెప్పాను. "ఇదిగో, ఇటు కొన మంచి వైపు. అటు కొన తిరగ వైపు. గుర్తు పెట్టు." నా తెలివికి నా భుజం నేనే తట్టుకున్నాను. అమ్మ "ఊఁ" అంది, సుద్దతో గీసి పక్కన పెట్టింది. ముక్క తర్వాత ముక్క. వెలుగు వంక చూసీ చూసీ నా కళ్ల ముందు ఆకుపచ్చ మచ్చలు ఈదుతున్నాయి. అమ్మ గీతలవంక నేను చూడనే లేదు. కాలర్లు కుట్టిన చెయ్యి, చూడాల్సిన అవసరమేముంది?

ఆ సారీల ఆఫీసులో ఇన్ని రోజుల్లో ఒక్కసారీ ఇంత సంతోషంగా లేను. అలాగని ఇంటర్వ్యూకి వెళ్లనని కాదు. వెళ్తాను.

శనివారం

పొద్దుట్నుంచీ మెట్ల కింద. ముక్కలకి సోల్డరింగ్ పైనే చేసుకుని, వాలు కప్పుకి ఒక్కోటీ అతికించాను. అమ్మ చక్కగా ప్రతి ముక్కకీ ఒక కొన మీద ప్లస్ గుర్తు గీసింది. ఆ కొనకి ఎర్ర వైరు, గుర్తు లేని కొనకి నల్ల వైరు. చివరి వరసకి సాష్టాంగపడి పనిచేశాను. నోట్లో మెట్ల దుమ్ము పడింది. పైన ఎవరో నడుస్తుంటే నా నెత్తి మీద నడిచినట్టుంది.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చాడు, యూనిఫాం కూడా మార్చలేదు. అమ్మ మిషను ముందు కూచుంది, ఒడిలో కోటు. నేను వైర్లు బిగించి స్విచ్ వేశాను.

చీకటి.

ఫ్యూజు చూశాను, బావుంది. బ్యాటరీ చూశాను, బావుంది. వైర్లు లాగి చూశాను. చీకటి.

"హోల్డాన్, హోల్డాన్" అన్నాడు నాన్న, బస్సుని ఆపుతున్నట్టు.

సోల్డరింగ్ ఐరన్ వేడి ఎక్కువైంది. అంతే అయి ఉంటుంది. అన్నిటినీ నేనే మాడ్చేశాను. రేపాయన దగ్గర ఇంకో టీవీ లేదు.

అమ్మ కోటు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. లేచేటప్పుడు పైకప్పు తగలకుండా తల వంచింది. అప్పుడే ఆ గది ఎంత ఎత్తో ఆమె ఒంటికి అలవాటైపోయింది.

నాకేం బాధ లేదు.

సోమవారం ఆ ఇంటర్వ్యూకి వెళ్తాను. నీళ్ల డబ్బాలు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

నాకేం బాధ లేదు.

ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే మొదటే చివరిది రాసేస్తాను.

పొద్దున లేచేసరికి అమ్మ కిటికీ దగ్గర కూచుని ఉంది. కోటుకి కొత్త లైనింగ్ కత్తిరించి పెట్టుకుంది. "ఆ గది చీకటి కదమ్మా, ఎందుకిప్పుడు?" అన్నాను.

"కత్తిరించడం ఎక్కడ కత్తిరించినా పర్లేదు. కుట్టడమే అక్కడ కుట్టమంది. టార్చి పెట్టుకునైనా కూచుంటాను. ఓడిపోతే కూచునే ఓడిపోతాను, నిలబడి కాదు."

అంటూనే సుద్ద తీసి లైనింగ్ ముక్కల మీద గీస్తోంది. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. ఒక్కో ముక్కకీ ఒకటి.

నేను టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాను.

"అమ్మా, ఆ ప్లస్ ఏంటి?"

"ప్లస్సేంటే? ఇది తిరగ వైపు గుర్తు. రెండు పక్కలూ ఒకేలా ఉండే బట్ట కదా, మార్చి కుట్టకుండా పెట్టుకుంటాం."

"తిరగ వైపా? మంచి వైపుకి కదా గుర్తు పెట్టాలి!"

అమ్మ నన్ను చూసిన చూపు! కడుపున పుట్టిన పిల్ల ఇంత మొద్దుదా అన్నట్టు. "మంచి వైపు సుద్ద గీస్తే కట్టుకునేవాళ్లు ఊరుకుంటారా? గుర్తులెప్పుడూ లోపలికే పెట్టాలి."

"మరి మొన్న... పట్టీలకి..."

"తిరగ వైపు అన్నావు, తిరగ వైపు పెట్టాను. అన్నిటికీ. నువ్వు వెలుగు వంక చూసి పళ్లికిలిస్తుంటే నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని గీశాను. ఒక్కటి తప్పుంటే చెప్పు!"

ఒక్కటీ తప్పు లేదు. అదే కదా! అన్నీ, మూలనుంచి మూలదాకా, ఎనిమిదికి ఎనిమిదీ, తిరగేసి ఉన్నాయి. ఏ ఒక్కటీ మాడలేదు. ఎర్ర వైరు పోవాల్సిన చోటికి నల్లది, నల్లది పోవాల్సిన చోటికి ఎర్రది. అమ్మ ఏ ఒక్క ముక్కకైనా పొరబాటున "సరిగ్గా" గీసి ఉంటే మళ్లీ సాష్టాంగపడి ఒక్కోదాన్నీ పీకాల్సి వచ్చేది. ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే పని.

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. "అమ్మాయ్, పడతావే!" అని నాన్న వెనకాలే. మీటరమ్మ తలుపు ఓరగా తెరుచుకుంది. నేను మెట్ల కింద దూరి, బ్యాటరీ దగ్గర బిగించిన రెండు కొసల్నీ విప్పి, ఇటుది అటూ అటుది ఇటూ మార్చాను.

గది తెల్లారింది.

వెలిగింది అని రాస్తే చాలదు. ఎప్పట్నుంచో అక్కడే ఉన్న గోడ ఇప్పుడే వచ్చినట్టు కనపడింది. చీపురు పుల్ల, మిషను మీద చెరిగిపోయిన పువ్వుబొమ్మ, నా పాదాల దుమ్ము, అన్నీ. పైకప్పు నిండా తెల్ల గుండీలు.

"రైట్ రైట్!" అని నాన్న అరిచాడు. అరిచి, అరచేత్తో మెట్ల పక్క గోడని రెండుసార్లు చరిచాడు, బస్సు పక్కన చరిచినట్టే. బిల్డింగ్ కదులుతుందేమో అనిపించింది.

అమ్మ నెమ్మదిగా దిగి వచ్చింది. కోటు చేతిలో ఉంది. గుమ్మం దగ్గర ఆగి పైకి చూసింది, నా వంక చూసింది.

"తిరగేశావా?"

"తిరగేశాను."

"నన్నడిగుంటే మొన్నే చెప్పేదాన్నిగా" అంది, ఏదో కూరలో ఉప్పు సంగతన్నట్టు. వెళ్లి కూచుంది. నల్ల దారం సూదిలోకి మొదటిసారికే ఎక్కింది.

మీటరమ్మ వచ్చింది. వచ్చి లోపలికి రాలేదు. పైకప్పు చూసింది, బ్యాటరీ చూసింది, "ఎక్కణ్నుంచి లాగారు?" అంది.

"ఎక్కణ్నుంచీ లాగలేదండీ."

నమ్మలేదు. వెనక్కి వెళ్లిపోయింది. కాసేపటికి ఆవిడ ఇంట్లో ఫ్యాను ఆగిన చప్పుడు, టీవీ ఆగిన చప్పుడు, ఫ్రిజ్జు గుర్రుమని ఆగిన చప్పుడు. ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసి మరీ మీటరు ముందు నిలబడింది! నాన్న తొంగి చూసొచ్చి గుసగుసగా చెప్పాడు: "కళ్లద్దాలు తుడుచుకుంటోంది."

తిరిగొచ్చినప్పుడు ముఖం వేరేగా ఉంది.

"చక్రం తిరగడం లేదు" అంది. ఆ గొంతులో అంత భక్తి నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి అమ్మ లైనింగ్ కుట్టడం అయిపోవచ్చింది. దారం కొరికి కోటు ఇచ్చింది. మీటరమ్మ దాన్ని ఆ వెలుగులోనే విప్పింది, తిరగేసింది, కుట్టు వెంట గోరు పెట్టి చంక నుంచి నడుము దాకా నడిపించింది. నాన్న స్టాపు దగ్గర ముసలావిడ దిగేదాకా చూస్తున్నట్టు చూస్తున్నాడు. లైనింగ్ అంచు ఎత్తి లోపలికి తొంగి చూసి, "ఇదేంటి, ఈ తెల్లగీతలు?" అంది.

"తిరగ వైపు గుర్తండీ. బయటికి కనపడదు" అంది అమ్మ.

"కనపడదు, కనపడదు" అంటూ కోటు తొడుక్కుంది మీటరమ్మ. ఈ ఎండలో. చేతులు చాపింది, వెనక్కి తిరిగింది. "ఏమ్మా, వీపు దగ్గర ముడత పడుతోందా?"

"లేదండీ."

"అయితే నీళ్ల డబ్బాల వాడికి వేరే చోటు చూసుకోమంటాను. ముఖం మీద చెప్పడం నా వల్ల కాదు, మీ ఆయన చెప్తాడు."

"టికెట్ లేదని దింపేస్తానండీ" అన్నాడు నాన్న.

అమ్మ ఏడవలేదు. నవ్వనూ లేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఒకసారి తిప్పింది, ఊరికే, లోపల గుడ్డ లేకుండానే. టకటకమని ఆ చప్పుడు మెట్ల మీదుగా మా అంతస్తు దాకా వెళ్లి ఉంటుంది.

వెళ్తూ వెళ్తూ మీటరమ్మ ఆగి మెట్ల వంక చూసింది. పై అంతస్తుల బల్బులు ఎప్పుడూ ఆర్పేసే ఉంటాయి, ఎవరు ఆర్పుతారో అందరికీ తెలుసు.

"అమ్మాయ్" అంది, మొదటిసారి నన్ను పిలుస్తూ. "ఈ గుండీలు మెట్లకి కూడా వస్తాయా? పైదాకా? నా మీటరు మీద కాకుండా?"

"వస్తాయండీ."

"ఎప్పుడు?"

నోటికి రేపు అనే మాట వచ్చింది. రేపాయన కళ్ల ముందు కదిలాడు. "రేపట్నుంచే మొదలుపెడతాను" అన్నాను.

మధ్యాహ్నం వరండాలోకి వెళ్లాను. నాన్న స్కూటరు ముసుగు తీసి తుడుస్తున్నాడు. బ్యాటరీ ఉండే చోట ఖాళీ గూడు. "వారానికోసారి ఛార్జింగ్ నేనే పెడతాను. పైకీ కిందికీ నేనే మోస్తాను. ఆ బరువు నీకు తెలీదు" అన్నాడు.

"సరే నాన్నా."

"హారన్ కూడా అక్కడ పెడదామా? కస్టమర్లొస్తే కొట్టుకుంటారు."

నవ్వి నవ్వి వరండా మెట్టు మీద కూలబడ్డాను. పెట్టాం. నాన్నే మొదటిసారి కొట్టాడు. అమ్మ లోపల్నుంచి, "షాపు నాది, బస్సు కాదు!" అని అరిచింది.

సోమవారం

పొద్దున్నే రేపాయన దగ్గరికి. ఇంకో టీవీ వచ్చింది, ఇవాళే ఇచ్చాడు, తనకే ఆశ్చర్యం వేసినట్టు చేతులు దులుపుకున్నాడు. ఈ పట్టీలకి ఏడేసి చుక్కలు. మూడూ మూడూ పోను ఒకటి మిగులుతుంది. ఆ ఒంటరివాటిని మూడేసి చేర్చి కొత్త ముక్కలు చెయ్యొచ్చు. మొదటి మలుపు దాకా కొలిచాను. మెట్లకి వెలుగు కాళ్ల దగ్గర పడితే చాలు, నెత్తి మీద అక్కర్లేదు. ఈసారి గుర్తులు తిరగ వైపే పెడుతున్నాను. అమ్మ పద్ధతే బావుంది. ముందుకి కనపడే కొన శుభ్రంగా ఉంటుంది.

మధ్యాహ్నం అమ్మ కిందికి పిలిచి నిలబెట్టి నా కొలతలు తీసుకుంది. భుజం, చెయ్యి, మెడ. మెడ కొలిచేటప్పుడు టేపు కింద రెండు వేళ్లు పెట్టింది, ఊపిరాడాలి కదా అని. మొదట్నుంచి చివరిదాకా తను కుట్టే మొదటి చొక్కా నాదేనట. "కాలరు చివర్న కుడతాను. ఈసారికి అదే ఆఖరు" అంది. "కుట్టేది ఎందుకో తెలుసుగా? ఇంటర్వ్యూకి వేసుకెళ్లడానికి."

టేపు నా మెడ చుట్టూనే ఉంది.

"ఇంటర్వ్యూ ఎప్పుడే?" అంది.

గోడ గడియారం వంక చూశాం ఇద్దరం. ఆ వెలుగులో ముళ్లు ఎంత స్పష్టంగా కనపడ్డాయో.

మర్చిపోయాను. ఈసారి నిజంగానే. చొక్కా ఇస్త్రీ కూడా చెయ్యలేదు.